ఎడ్నా ఆగే చోటు

ఫిబ్రవరి 11

చలి. అందుకే వేలు పట్టేసింది. రిహార్సల్ హాల్లో హీటరు పేరుకే ఉంది, వేడి తక్కువ, రొద ఎక్కువ. ఎడమ చెయ్యి చిటికెన వేలూ, దాని పక్క వేలూ కొంచెం మొండికేశాయి. వేడినీళ్లలో పెట్టాను. సరిపోయింది.

ఎప్పుడో మానేసిన డైరీ మళ్లీ మొదలుపెట్టాను. ఈ నాటకంలో ఒక్క రోజు కూడా మరిచిపోవడం నాకిష్టం లేదు. అరవై ఒకటో ఏట మొదటిసారి నాకు ప్రధాన పాత్ర ఇచ్చారు. ఇన్నేళ్లూ నేను అత్తని, మూడో నర్సుని, పెళ్లి బృందంలో ఫిడేలు వాయించే ఆవిడని. సబ్‌వే రైల్లో నన్ను చూసి నవ్వేవాళ్లంతా ఆ టీవీ సీరియల్లో కంచె మీంచి తొంగిచూసే పొరుగావిడగానే గుర్తుపడతారు. సినిమాల సంగతి ఇంకా చిత్రం. నా ముఖం రెండు సినిమాల్లో ఉంది, నా ఎడమ చెయ్యి తొమ్మిదింట్లో ఉంది. ఫిడేలు రాని అందగత్తెలు గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. కెమెరా దగ్గరికి రాగానే కనిపించే వేళ్లు నావి. గోళ్లరంగు మాత్రం వాళ్లది.

ఈ ఎడ్నా పాత్ర మాత్రం పూర్తిగా నాది. ముఖం, గొంతు, చెయ్యి, అన్నీ.

ఫిబ్రవరి 14

మా నాటకానికి వేరే వాద్యబృందం లేదు, చెయ్యి ఊపి నడిపించేవాడూ లేడు. ఎనిమిదిమంది నటులం, మేమే వాయించాలి, మేమే మాట్లాడాలి, మేమే కుర్చీలు మొయ్యాలి. ఒకళ్లు తప్పితే ఏడుగురూ తూలుతారు. అందుకే దర్శకురాలు బెరెనీస్ మా అందరినీ కళ్లకి గంతలు కట్టి మరీ వాయించమంటోంది.

ఎడ్నా భర్త హెన్రీగా ఓటిస్ వేస్తున్నాడు. ఫిడేలు ఆకారంలో నిలువెత్తుండే డబుల్ బేస్ భుజాన వేసుకుని తిరుగుతాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం. ఇవాళ గంతలు కట్టుకుని వెతుక్కుంటూ వచ్చి నా నెత్తిన కమానుతో కొట్టాడు.

“ఒరేయ్, కళ్లు లేకపోతే చెవులైనా వాడు” అన్నాను.

“చెవులుండబట్టే నీ మీదికొచ్చానే తల్లీ. ఈ గదిలో అంత గట్టిగా సణిగేది నువ్వొక్కదానివే” అన్నాడు.

ఫిబ్రవరి 26

కొత్త తీగలు వేశాను. వాటికి అలవాటు పడాలి. అంతే.

మార్చి 9

ఆఖరి రంగం మొదటిసారి మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా చేశాం. మట్టిగాలులకి నెబ్రాస్కాలో ఊరంతా ఖాళీ అయిపోయింది. హెన్రీ పోయాడు. డాన్సుహాలు అమ్ముడైపోయింది. ఎడ్నా ఒక్కర్తే ఖాళీ కుర్చీ ఎదురుగా నిలబడి తమ పెళ్లిలో ఇద్దరూ కలిసి ఆడిన వాల్ట్జ్ వాయిస్తుంది. మూడు చరణాలు. మూడోదాంట్లో పాట పైకి పైకి ఎక్కి, చిటికెన వేలి కింద ఒక్క స్వరం దగ్గర నిలబడుతుంది. ఆ స్వరం కోసమే ఆ పాటంతా రాసినట్టుంటుంది.

మా నాన్న ఒమాహాలో చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ల పెళ్లిళ్లకి అకార్డియన్ వాయించేవాడు. ఆయన ఉంటే ఇది విని ఒక్క మాట అనేవాడు, “కాళ్లు ఊరుకోవు” అని. ఆయన మెచ్చుకోలు అంతే.

ఇవాళ ఆ స్వరం సరిగ్గా పడింది. మూడుసార్లలో రెండుసార్లు.

మార్చి 22

ఏం జరిగిందో రాసుకోవాలి.

ప్రివ్యూలు, అంటే అసలు తొలి ఆటకి ముందు జనం ఎదుట వేసే ఆటలు, మొదలై నాలుగు రోజులు. హాలు నిండింది. ఆఖరి రంగం బాగానే నడుస్తోంది. మూడో చరణం ఎక్కుతున్నాను, ఆ స్వరం వస్తోంది, వేలు ఎత్తాను. వేలు దిగలేదు. లోపలికి ముడుచుకుపోయింది, అరచేతిలోకి. ఎవరో పట్టుకుని లాగినట్టు. నొప్పి లేదు, ఏమీ లేదు, వెళ్లనంది అంతే.

కమాను గాల్లో ఆగిపోయింది. ఎంతసేపో తెలీదు. నాకు కనిపించిందల్లా ఖాళీ కుర్చీ. పాట అయ్యాక చెప్పాల్సిన మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. “ఇక్కడే నువ్వు నా కాలు తొక్కేవాడివి, హెన్రీ.” చెప్పేసి ఫిడేలు కిందికి దించేశాను. పాట మధ్యలోనే వదిలేశాను. దీపాలు ఆరాయి.

ఒక్క దగ్గు కూడా లేదు హాల్లో. తర్వాత ఆ చప్పట్లు! నా జన్మలో నాకోసం అలా కొట్టలేదు.

తెర వెనక్కి రాగానే తల తీసేసినట్టయింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. బెరెనీస్ పరుగెత్తుకుంటూ వచ్చి నా భుజాలు పట్టుకుంది. ఏడుస్తోంది.

“ఎవరు చెప్పారు నీకు అలా చెయ్యమని?”

నేను ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

“పాట పూర్తిచెయ్యలేకపోవడం! అయ్యో, నెలన్నరగా ఈ రంగానికి ఏం తక్కువైందా అని నేను జుట్టు పీక్కుంటుంటే! ఇదే ఉంచు. ఇక మార్చకు.”

“ఎప్పట్నుంచో ఆలోచిస్తున్నాను” అన్నాను.

మార్చి 23

ఎప్పట్నుంచో ఆలోచిస్తున్న మాట నిజమే. ఎడ్నా అక్కడ వాయించలేకపోతుందని నాకు మొదట్నుంచీ ఎక్కడో అనిపిస్తూనే ఉంది. నటులకి ఒంటికి ముందు తెలుస్తుంది, బుర్రకి తర్వాత.

మార్చి 24

బాగా పడుకున్నాను.

ఏప్రిల్ 3

ఇవాళ్టితో నాటకాన్ని బిగించేశారు. విమర్శకులు రాబోతున్నారు కదా. ఇక అడుగు, మాట, మెడ తిప్పడం, ఏదీ కదలకూడదు. మా స్టేజి మేనేజర్ మోర్ట్ గంభీరంగా ప్రకటించాడు. “ఈ క్షణం నుంచి ఎవరైనా తుమ్మాలన్నా నన్నడగాలి.”

ఆ ఆగడం కూడా బిగిసిపోయింది. మోర్ట్ దానికి పేరు పెట్టాడు, ‘ఎడ్నా ఆగే చోటు’ అని. దీపాలవాళ్లకి అక్కడ కొత్త సంజ్ఞ రాసిచ్చాడు. నేను ఆగగానే కుర్చీ మీద వెలుతురు ఒక రవ్వ పెరుగుతుంది.

హాయిగా ఉంది. ఇక ఆ స్వరం వాయించమని నన్నెవరూ అడగరు.

ఏప్రిల్ 7

నిన్న తొలి ఆట. మేమెవరమూ సమీక్షలు చదవం. అది మా ఆచారం. ఓటిస్ కూడా చదవడు, మగవాళ్ల బాత్రూములో తలుపేసుకుని పెద్దగా చదువుతాడు, మేమంతా బయట నిలబడి వినం.

“‘ఈ ఏడాది ఈ నగరంలో వినిపించిన అన్ని పాటలకన్నా డోరా హాలెక్ వాయించని ఆ ఒక్క స్వరం గొప్పది’ అట. వింటున్నావా?”

“నేను వినట్లేదు. మళ్లీ చదువు” అన్నాను.

నాలుగైదు పత్రికలవాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అందరూ ఆ చోటు గురించే. ఇన్నేళ్లు వాయించిన స్వరాల గురించి ఎవరైనా ఒక వాక్యం రాశారా? పోనీలే. వాయించనిదానికైనా రాశారు.

ఏప్రిల్ 8

ఒమాహా నుంచి లిబ్బీ ఫోను. చెల్లెలు కదా, సంతోషం కూడా దెబ్బలాటలాగే చెబుతుంది.

“పేపర్లో నీ ఫోటో చర్చిలో గోడకి అంటించారు. అందరూ నన్నడుగుతున్నారు. ఇన్నాళ్లూ మీ అక్క ఏం చేస్తుందంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. సినిమాల్లో ఆవిడ చెయ్యి ఉంటుంది అంటే ఎవరికర్థమవుతుంది చెప్పు?”

మే పదహారుకి విమానం టికెట్టు కొనేసింది. విమానమంటే దానికి ప్రాణభయం. నేను ప్రధాన పాత్ర వెయ్యడం అది చూడబోతోంది. మా ఇంట్లోంచి మొదటి మనిషి.

ఏప్రిల్ 17

కళ్లజోడు మేకప్ గదిలో మరిచిపోయి మధ్యాహ్నం థియేటరుకి వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేది.

వేదిక మీద బదులు నటుల రిహార్సల్ జరుగుతోంది. నా బదులు టాంసిన్. ఒహాయో అమ్మాయి, ముప్ఫై నాలుగేళ్లు, నాకు జ్వరమొస్తే ఎడ్నా వెయ్యడానికి తీసుకున్నారు. రోజూ పైగదిలో కూర్చుని స్వెట్టర్లు అల్లుతుంది, నాకు జ్వరం రాదు. హాలు వెనక చీకట్లో ఆగి చూశాను.

ఆఖరి రంగం చేస్తోంది. నేను ఎక్కడ నిలబడతానో అక్కడే నిలబడింది. బిగించిన నాటకం కదా, నా నీడలా చెయ్యాలి, అది ఆ పిల్ల ఉద్యోగం. మూడో చరణం ఎక్కింది. వేలు ఎత్తింది. వేలు అరచేతిలోకి ముడిచింది. మోచెయ్యి కొద్దిగా పైకి, ఆ వేలిని విడిపించడానికన్నట్టు. కింది పెదవి పంటితో నొక్కింది.

నేను పెదవి కొరుకుతానా?

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. అద్దంలో ఎప్పుడూ చూసుకోలేదు. ఆ పిల్ల అన్నీ చూసింది, అన్నీ నేర్చుకుంది, ఒక్కొక్కటీ. అది ఎడ్నా దుఃఖం అనుకుంది. నేను చూసింది మాత్రం ఫిడేలు పట్టుకుని అవస్థ పడుతున్న ఒక ముసలిదాని చెయ్యి.

కళ్లజోడు తీసుకోకుండానే వచ్చేశాను.

ఏప్రిల్ 18

బెరెనీస్ పిలిచింది. టాంసిన్‌కి అన్నీ వచ్చాయట, ఆ ఒక్క చోటు తప్ప. “అన్నీ నీలాగే చేస్తోంది. కానీ చచ్చిపడి ఉంటోంది. ఎందుకో అర్థం కావట్లేదు. నువ్వు కాస్త కూర్చుని చెప్పవూ, లోపల ఏం నడుస్తుందో?”

“అది చెబితే వచ్చేది కాదు, బెరెనీస్” అన్నాను. “వస్తే వస్తుంది.”

ఎంత గొప్పగా అన్నానో! ఛీ. కానీ ఇంటికొస్తూ దారంతా మనసు తేలిగ్గా ఉంది. ఆ చోటు నేను తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. చెయ్యలేనంతకాలం ఎడ్నా నాదే.

ఏప్రిల్ 24

ఇవాళ మొదటి అంకంలో జరిగింది. డాన్సుహాలు పాటలో. అక్కడ ఆగే వీలు లేదు, ఎనిమిదిమందిమి గెంతుతూ వాయిస్తాం. రెండు వేళ్లూ ఒక్కసారే ముడుచుకున్నాయి. నవ్వాను, గిర్రున తిరిగాను, గౌను ఎగరేశాను. ఎవరూ కనిపెట్టలేదు. ఓటిస్ బేస్ ఎందుకో అడుగు లేటయింది.

ఏప్రిల్ 25

బాగానే వాయించాను.

ఏప్రిల్ 26

రెండు ఆటలు. బాగానే. రెండో ఆటలో ఓటిస్ మళ్లీ లేటు.

ఏప్రిల్ 29

ఆట ముందు మోర్ట్ అందరి ఎదుటా ఓటిస్‌ని కేకలేశాడు. “వారం రోజులుగా డాన్సు పాటలో వెనకబడుతున్నావు. నిద్రపోతున్నావా? సంగీతం చూసేవాళ్లు రోజూ నా ప్రాణం తీస్తున్నారు.” ఓటిస్ టోపీ తీసి బుర్ర గోక్కుని, “ముసలోణ్ణయ్యాను మోర్ట్, చూసుకుంటాలే” అన్నాడు.

ఆటయ్యాక సందు చివర సూప్ కొట్టుకి వెళ్లాం, మామూలుగానే. ఆ మాట నేనే ఎత్తాను. ఎందుకెత్తానో.

“ఏంట్రా, నీ లేటు నా పాట చెడగొడుతోంది.”

చెంచా కింద పెట్టాడు. ముప్ఫై ఏళ్లలో ఓటిస్ ముఖంలో వేళాకోళం లేకుండా చూడటం నాకు అలవాటు లేదు.

“డోరా, ఎంతకాలం?”

“ఏది ఎంతకాలం?”

“నీ వేళ్లు వస్తాయో రావో అని నేను అడుగడుగుకీ ఎదురుచూస్తున్నాను. రాకపోతే ఆ ఖాళీ నేను నింపాలి. నింపడానికి నాకు అరక్షణం పడుతోంది. అదీ నా లేటు.”

“నాకేం కాలేదు. చలికి...”

“బయట చెట్లు పూశాయే పిచ్చిదానా.”

బుకాయించాను. తిట్టాను. నీకు నేనంటే కుళ్లు అని కూడా అన్నాను, ఈ నోటితోనే. అతను సూప్ తాగడం పూర్తిచేసి, నా కోటు తెచ్చి నా భుజాల మీద వేశాడు. “నాకు చెప్పకు. వెళ్లి డాక్టరుకి చెప్పు” అని ఒక కాగితమ్ముక్క చేతిలో పెట్టాడు. వాయిద్యకారులకే వైద్యం చేసే డాక్టరమ్మ. ముందే కనుక్కుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు కాబోలు.

నాకోసం తిట్లు తిన్నాడు. వారం రోజులు. టోపీ తీసి మరీ.

మే 1

డాక్టరమ్మ కూరగాయలు తరగమంది, గుండీలు పెట్టుకోమంది, సంతకం చెయ్యమంది. అన్నీ చక్కగా చేశాను. “చూశారా?” అన్నాను. అప్పుడు ఫిడేలు తియ్యమంది.

నరం తెగలేదట, ఎముక అరగలేదట. మెదడులో ఆ రెండు వేళ్ల దారులూ కలిసిపోయాయట. ఎక్కువ వాయించినవాళ్లకే వస్తుందట. తక్కువ వాయించి ఉంటే వచ్చేది కాదా అనడిగాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది.

“తగ్గుతుందా?”

“మొదట్నుంచి మళ్లీ నేర్పాలి, పసిపిల్లకి నేర్పినట్టు. కొన్నేళ్లు పట్టొచ్చు. కొందరికి వస్తుంది.”

“కొందరికి అంటే?”

“ఎక్కువమందికి కాదు, మిస్ హాలెక్.”

ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరిగాను. ఎంత బాగా తరుగుతోందో చెయ్యి! సన్నగా, చకచకా. దాన్ని చూస్తూ ఏడ్చాను. ఉల్లిపాయల వల్ల కాదు, ఇక్కడ అబద్ధం రాయడం దేనికి.

మే 2

ఆలోచించాను. ఆఖరి రంగంలో సమస్య లేదు, అక్కడ నా జబ్బే నాటకం. డాన్సు పాట ఒక్కటే కదా. నేనడిగితే ఆ పాటలో నా స్వరాలు ఇంకొకరికి ఇస్తారు. బిగించిన నాటకాన్ని కూడా నాకోసం విప్పుతారు. ఎందుకంటే నేను లేకపోతే ఆ చోటు లేదు, ఆ చోటు లేకపోతే టికెట్లు లేవు. తర్వాత ఇంకో పాటలో తీసేస్తారు. తర్వాత ఇంకోటి. ఆఖరికి ఫిడేలు పట్టుకుని ఊరికే నిలబడతాను, ఓటిస్ చుట్టూ పరుగెత్తి ఖాళీలు నింపుతుంటాడు, మోర్ట్ అతన్ని తిడుతుంటాడు.

అయినా సరే నాకు కావాలి. నాకు ఎడ్నా కావాలి. లిబ్బీ వస్తోంది.

మే 3

టాంసిన్‌కి రాదు. అదొక్కటే నాకు ధైర్యం. ఇవాళ మెట్ల మీద ఎదురై, “డోరా గారూ, ఆ చోట నేనేం తప్పు చేస్తున్నానో ఒక్క ముక్క చెప్పరూ, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు” అంది. కళ్ల కింద నల్లగా ఉంది. ఆ పిల్ల తప్పేమీ చెయ్యట్లేదు. తప్పు ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు.

“చూద్దాం” అన్నాను.

మే 5

సోమవారం, సెలవు. టాంసిన్‌ని ఇంటికి రమ్మన్నాను. నేనే.

పేస్ట్రీ డబ్బా తెచ్చింది, చెప్పులు గుమ్మం దగ్గర విప్పింది, నా గోడ మీద పాత పోస్టర్లన్నీ నిలబడి చదివింది. అన్నిట్లోనూ నా పేరు అడుగునే ఉంటుంది, వంగి చూడాలి. వంగి చూసింది.

చేతులు వేడెక్కించుకోమన్నాను. ఏం వాయించాలని అడగకుండా అదే వాల్ట్జ్ ఎత్తుకుంది. మూడో చరణం, ఆపకుండా, పై స్వరం దాకా, ఆ తర్వాత చివరిదాకా. నిండుగా వాయించింది. తను వాయించినట్టు తనకే తెలీదు, వేళ్లు అలా వెళ్లిపోయాయి. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను.

తిరిగొచ్చి కూర్చున్నాను.

“అమ్మాయ్, నువ్వు అక్కడ ఆగాలని ఆగుతున్నావు. అందుకే అది చచ్చిపడి ఉంటోంది.”

“మరి మీరు?”

“నేను ఆగను. ఒక్క రోజు కూడా ఆగలేదు.”

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఫిడేలు తీసుకుని వాయించాను, ఆమె ఎదురుగా, ఇంత దగ్గరగా. చరణం ఎక్కాను. వేలు ముడుచుకుంది. దించలేదు నేను, మళ్లీ వాయించాను. మళ్లీ ముడుచుకుంది. మూడోసారి ముడుచుకున్నప్పుడు ఆ పిల్ల చేతిలో పేస్ట్రీ కింద పడింది.

“అయ్యో దేవుడా. అది... అది నటన కాదా?”

“కాదు.”

“ఎప్పట్నుంచి?”

“చలికాలం నుంచి. ముందు నుంచే కూడానేమో, నేను ఒప్పుకోలేదు.”

“నాకెందుకు చెప్పారు? చెప్పకుండా ఉంటే మీరు...” అని ఏడుపు మొదలుపెట్టింది.

“చెప్పకుండా ఉంటే నీకు రాదు కదా. ఏడిస్తే ఇంటికి పంపిస్తాను. కమాను తియ్యి.”

సాయంత్రం దాకా నేర్పాను. నేను ఎవరికీ ఏదీ ఇంత శ్రద్ధగా నేర్పలేదు. వేలు ముడుచుకోవడం ముఖ్యం కాదని చెప్పాను. ముడుచుకోబోయే ముందు ఒక్క రెప్పపాటు ఉంటుంది, ఇవాళ వెళ్తుందేమో అనిపిస్తుంది. ప్రతిరోజూ అనిపిస్తుంది. నిన్న వెళ్లలేదని గుర్తుండదు. ఆ రెప్పపాటులో మనిషి సంతోషంగా ఉంటుంది, జనం చూసేది దాన్ని. “ముందు ఆశపడు. నిజంగా ఆశపడు. నీ చెయ్యంతా ఆ వేలిని బతిమాలాలి. అప్పుడది కాదనాలి.”

“నా వేలు కాదనదండీ” అంది ముక్కు తుడుచుకుంటూ. “వెళ్లిపోతుంది.”

“తెలుసు. అందుకే నీకు జీతమిస్తున్నారు. నీ వేలి చేత అబద్ధం చెప్పించు.”

ఎన్నిసార్లు చేసిందో. చీకటి పడేవేళకి ఒకసారి వచ్చింది. వచ్చినప్పుడు ఇద్దరికీ తెలిసింది. ఆ పిల్ల ముఖం చూసి సాయం చెయ్యాలని నేనే చెయ్యి చాపబోయాను.

మే 6

మోర్ట్‌తో చెప్పేశాను. ఓటిస్ లేటు కాదు, నేను అని ముందు చెప్పాను. మిగతాది తర్వాత. మోర్ట్ తన స్టాప్‌వాచీ తీసి బల్ల మీద పెట్టాడు. “ఆ చోటుకి నేను దీపాల సంజ్ఞ కూడా రాశాను డోరా” అన్నాడు. “నీ చెయ్యి పడిపోతుంటే నేను వెలుతురు పెంచాను.”

“బాగా రాశావు. సరిగ్గా సమయానికి వెలుగుతుంది” అన్నాను. నిజమే అది.

బెరెనీస్‌ని ఒక్క కోరిక కోరాను. టాంసిన్ వచ్చాక పాట మొత్తం వాయించనివ్వమని. రాసినవాడు రాసినట్టు. ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది. “అడగకు. ఆ ఆగడం లేకపోతే ఆ రంగం లేదు, నీకూ తెలుసు” అంది.

తెలుసు. నటిగా తెలుసు. ఒప్పుకుని వచ్చేశాను.

మే 11

నా ఆఖరి ఆట. అలసట వల్ల మానేస్తున్నానని అందరికీ చెప్పించాను.

మూడో చరణంలో, ఒక్క రెప్పపాటు, ఇవాళ వెళ్తుందనుకున్నాను.

మే 13

ఏమీ లేదు రాయడానికి.

మే 15

లిబ్బీకి ఫోనులో చెప్పాను, నేను వెయ్యట్లేదని. అరిచింది. “విమానం ఎక్కి వచ్చి ఎవరి పిల్లనో చూడాలా నేను? చర్చిలో ఏం చెప్పను?” ఎందుకు మానేశావంది. అలసిపోయాను అన్నాను. “నువ్వా? అలసటా?” అంది. అయినా వస్తోంది, టికెట్టు డబ్బు వెనక్కి ఇవ్వరట.

మే 16

లిబ్బీ, నేను ఎనిమిదో వరసలో కూర్చున్నాం. హాల్లోంచి ఈ నాటకం చూడటం నాకిదే మొదలు. కార్యక్రమ పత్రంలో నా ఫోటో తీసేశారు, టాంసిన్‌ది పెట్టారు. లిబ్బీ దాన్ని మడిచి సంచిలో కుక్కేసింది. కోపం. విరామంలో కూడా మొహం మాడ్చుకునే ఉంది. “నడుస్తోందిలే. నువ్వయితే ఇంకా బాగుండేది” అంది.

డాన్సు పాట గెంతులేసింది. ఓటిస్ బేస్ ఒక్క అడుగు లేటవలేదు. ఎంత బాగా వాయిస్తాడో మరిచేపోయాను.

ఆఖరి రంగం. కుర్చీ. టాంసిన్ ఫిడేలు ఎత్తింది. మొదటి చరణానికే లిబ్బీ కాలు నేల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది, తనకి తెలీకుండానే. రెండో చరణం. మూడోది ఎక్కుతోంది. ఆ పిల్ల ముఖం ఒక్కసారి వెలిగింది, ఇవాళ వెళ్తుందన్నట్టు. వేలు ఎత్తింది.

లిబ్బీ కాలు ఆగిపోయింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అయ్యో, డోరా!” అంది, చుట్టూ నాలుగు వరసలకి వినపడేలా. “పాపం, ఆ పిల్ల చేతికేదో అయిందే! చూడు, వేలు రావట్లేదు! ఎవరూ వెళ్లరేం?”

నా ఆటలు అన్నిరోజులు అంతమంది చూశారు, పత్రికలవాళ్లు చూశారు. ఎంత గొప్ప నటన అన్నారు. చేతికేమైంది అని ఒక్కరూ అడగలేదు.

“ఊరుకోవే. ఏం కాలేదు” అన్నాను ఆమె చెవిలో. “ఆ పిల్ల చెయ్యి నిక్షేపంలా ఉంది. నటిస్తోంది.”

“నటనా?” లిబ్బీ కళ్లు తుడుచుకుంది. వేదిక మీద టాంసిన్ కుర్చీకేసి మాట్లాడుతోంది. “నిజంగా చెయ్యి పోయినదానిలా ఉంది కదే. ఎవరు నేర్పారో ఆ పిల్లకి!”

దీపాలు ఆరాయి. చప్పట్లు ఆగేదాకా ఉండి చెప్పాను, నేనే నేర్పానని.